నల్లమందు చిట్టా

విజ్‌బీచ్‌లో వాన పైనుంచి పడదు,
నేలలోంచి ఊరుతుంది.
నది మన నెత్తికంటే ఎత్తున పారుతుంది,
పొలాలు దాని కింద ఊపిరి బిగబట్టి పడుకుంటాయి.
నల్లమట్టి ఏటేటా కుంగిపోతుంటే
ఇళ్లు ఒకదాని మీదికొకటి వాలి
ఏదో చెవిలో చెప్పుకుంటున్నట్టుంటాయి.

ఈ ఊళ్లో నాది మందుల షాపులో ఉద్యోగం.
నూటయాభై ఏళ్ల కిందట
ఇదే వీధిలో, మూడు గుమ్మాల అవతల,
కెజయా గోటుబెడ్ కూడా ఇదే పని చేసింది.
గోటుబెడ్ అంటే పోయి పడుకో అని.
నవ్వొచ్చే ఇంటిపేరు. నేనూ నవ్వాను, మొదటిరోజు.

పగలు తక్కెడ, రాత్రి కలం.
మగపేరు పెట్టుకుని లండన్ పత్రికకు
దయ్యాల కథలు పంపేది, కాలమ్‌కి ఇన్ని షిల్లింగులని.
పదమూడు దొరికాయి.
లైబ్రరీ పైగదిలో చేతులకి తొడుగులేసుకుని చదివాను.
వాటిలో కోటల్లేవు. రక్తం తాగేవాళ్లు లేరు.
పిడుగులు పడే అర్ధరాత్రి ఒక్కటీ లేదు.
అన్నీ మధ్యాహ్నాలే.
బంగాళాదుంపల పొలం, గట్టు మీద ఉయ్యాల పెట్టె,
వరుసగా వంగిన ఆడవాళ్ల వీపులు.
గాలి ఆగిపోతుంది. అంతే.
ఆమె కథల్లో ఎవరూ కేక పెట్టరు.
అసలు భయం అదే.

ఒక కథలో తల్లి ఇంటికొచ్చి ఉయ్యాల ఊపుతుంది,
రాత్రంతా ఊపుతూనే ఉంటుంది,
పక్కింటావిడ వచ్చి చెయ్యి పట్టుకునేదాకా.
మరో దాంట్లో గడియారాలవాడు
ఊరందరి గడియారాలూ బాగుచేసి
తన ఇంట్లోదానికి చెవి ఆనించడానికి జంకుతాడు.
ఇంకొకటి నేను పూర్తిచెయ్యలేదు. చెయ్యను.

డోరీన్ చిట్టా తెచ్చి బల్లమీద పెట్టింది, ఏమీ అనకుండా.
అదే చేతిరాత, అవే వాలు అక్షరాలు.
నల్లమందు, ఒక పెన్నీకి. నల్లమందు, రెండు పెన్నీలకి.
పాపకి పట్టే సిరప్, సీసా.
శనివారాలకి పేజీలు చాలలేదు.
చలిజ్వరానికని కొందరు, నడుంనొప్పికని కొందరు,
పొలంలో ఉన్నంతసేపూ పసివాడు లేవకుండా ఉండాలని
చాలామంది.
అప్పట్లో అది నేరం కాదు. పాపమూ కాదు. బేరం.
అంచుల్లో అక్కడక్కడ పెన్సిలుతో చిన్న సున్నలు.
లెక్కపెట్టాను, పంతొమ్మిది.
కథలు పదమూడు.
మిగతా ఆరూ ఎక్కడికి పోయాయో.

ఈ రచయితది రోగిష్టి ఊహ అన్నాడట అప్పటి విమర్శకుడొకడు.
ఊహ ఎక్కడిది నాయనా!
చిల్లర ఎంచి, కాగితంలో పొట్లం కట్టి,
తన చేత్తోనే ఇచ్చింది.
నలభై రెండేళ్లకి పోయింది. ఊపిరితిత్తులు అని రాసుంది.
మంచం పక్కన సీసా సంగతి ఎవరూ రాయలేదు;
సీసా ఉందని నేనే అనుకుంటున్నాను.
ఇలాంటి కథలు రాసేవాళ్లతో ఇదే చిక్కు, అంటుకుంటారు.

మా అమ్మమ్మ ఉగ్గుగిన్నె నా దగ్గరుంది,
వెండిది, ముక్కు కాస్త సొట్ట.
ఆవగింజంత, అనేది అమ్మమ్మ,
ఊడ్పుల రోజుల్లో ఆవగింజంత రంగరించి పట్టేవాళ్లం,
మరి పని సాగాలిగా.
ఆమె కన్నది ఏడుగురిని.
నేను ఎప్పుడు లెక్కపెట్టినా
మామయ్యలూ అమ్మా కలిపి నలుగురే.

నిన్న మూతవేసే వేళకి ఒకమ్మాయి వచ్చింది,
ప్యాకింగ్ షెడ్డు బూట్లతోనే, కళ్లకింద చారలతో.
వీడు పడుకోవడం లేదు, ఏదైనా ఉందా, అంది.
ఈ వయసుకి ఇవ్వకూడదని చెప్పాను.
పళ్లు వస్తున్నాయేమో చూడమన్నాను.
ఇంకేం చెప్పాలో కంప్యూటర్‌లో లేదు.
ఆమె చూపులో తిట్టు లేదు, అలసట ఉంది,
ఒక్క రోజుది కాదు.

షట్టరు దించాను. పొగమంచు గట్టు దిగి వీధిలోకొస్తోంది.
దానిలోంచి తోపుడుబండి చక్రాల చప్పుడు,
దాని వెంట వాడి ఏడుపు,
గొంతు చించుకుని, వాలిన ఇళ్లన్నీ ఉలిక్కిపడేలా.
ఏడు నాన్నా, అనుకున్నాను తాళం తిప్పుతూ,
గట్టిగా ఏడు.